తలుపు పక్కన స్విచ్చు

రాత్రంతా నడిచిన బస్సు తెల్లవారుజామున అయిదింటికి బస్టాండులో దింపుతుంది. ఎదురుగా ఉన్న లాడ్జిలో రిజిస్టరు మీద పేరు, ఊరు, వచ్చిన పని రాసి, ఆధార్ కార్డు నకలు ఇచ్చి, తాళం చెవి తీసుకుని మూడో అంతస్తుకు ఎక్కితే గది చీకటిగా ఉంటుంది. గోడ తడిమితే స్విచ్ బోర్డు దొరుకుతుంది గానీ దాని మీద ఎనిమిది స్విచ్చులు. మొదటిది వేస్తే బాత్‌రూములో దీపం వెలుగుతుంది. రెండోది వేస్తే ఫ్యాను తిరుగుతుంది. మూడోదానికి ఏమీ కాదు. నాలుగోదానికి ఏదో అయ్యే ఉంటుంది, ఎక్కడ అయిందో తెలియదు. అయిదోదానికి ట్యూబులైటు నాలుగైదుసార్లు రెప్పలాడించి వెలుగుతుంది. స్నానం చేసి కాసేపు నడుం వాలుద్దామంటే ఆ ట్యూబులైటు ఆర్పడానికి మళ్లీ తలుపు దాకా రావాలి. చీకట్లో తిరిగి మంచం చేరేలోగా మోకాలు మంచం కోడుకు తగలనే తగులుతుంది.

ఇది చవక గదుల కష్టం అనుకుంటే పొరపాటు. రోజుకు పది వేలు పుచ్చుకునే గదుల్లోనూ ఇదే అవస్థ. కాకపోతే అక్కడ స్విచ్చుల బదులు నున్నటి గాజు పలక, దాని మీద చూస్తే అర్థం కాని బొమ్మలు ఉంటాయి. మెట్ల కింద వేసి పైన ఆర్పుకునే దీపం మామూలు మేడ ఇళ్లలో కూడా ఉంటుంది. టూ వే స్విచ్ బిగించడం ఏ ఊరి ఎలక్ట్రీషియన్‌కైనా తెలుసు. సొంత ఇంట్లో అడిగి మరీ పెట్టించుకునే ఆ ఏర్పాటు లాడ్జి కట్టించేటప్పుడు ఎందుకు గుర్తుకు రాదంటే, అక్కడ పడుకోబోయేది కట్టించేవాడు కాదు కాబట్టి.

హోటల్ సౌకర్యాలంటే మాట ఈత కొలను మీదికో, స్పా మీదికో, లాబీలో వేలాడే షాండ్లియర్ మీదికో పోతుంది. రెండు రాత్రులు ఉండి వెళ్లేవారిలో ఎక్కువమంది ఆ కొలనులో కాలు కూడా పెట్టరు. బస హాయిగా గడిచిందా లేదా అన్నది తేలేది వేరే చోట. ఏ వేళకు మనిషికి ఏం కావలసివస్తుందో ఒకరు ముందే ఊహించి, అడగవలసిన పని లేకుండా అమర్చి పెట్టారా అన్న దగ్గర. ఒక మంచి చిన్న సౌకర్యం ఒక ప్రశ్నను తప్పిస్తుంది. వేడినీళ్లు ఎప్పుడొస్తాయి, ఫోను ఎక్కడ పెట్టాలి, తువాలు ఎక్కడ వేలాడదీయాలి, ఈ నీళ్లు తాగవచ్చా, తాగితే డబ్బు వేస్తారా లాంటి ప్రశ్నలు ఎన్ని తక్కువైతే బస అంత సుఖం.

తెలుగువాళ్లకు ఈ విషయంలో ఒక చిత్రమైన అలవాటు ఉంది. మన మాటల్లో హోటల్ అంటే ఇడ్లీ దొరికే చోటు, పడుకునే చోటు లాడ్జి. అంతకు ముందు భోజనం పూటకూళ్ల ఇంట్లో డబ్బిచ్చి తినేది, పడక సత్రంలో ధర్మానికి దొరికేది. డబ్బిచ్చిన భోజనంలో వంక వెతకడం హక్కు, ధర్మానికిచ్చిన చాపలో వంక వెతకడం మర్యాద కాదు. ఆ తేడా ఇంకా పోయినట్టు లేదు. చట్నీ కాస్త పలచబడితే సర్వరును పిలిచి నిలదీసే మనిషే, లాడ్జిలో ఇటుకలాంటి దిండు ఇస్తే మెడ పట్టేసినా మాట్లాడకుండా బిల్లు కట్టి వెళ్లిపోతాడు. ఒక వీధిలో నాలుగు టిఫిను హోటళ్లుంటే నాలుగూ పోటీపడి రుచి పెంచుకున్నాయి. లాడ్జీలకు ఆ అవసరం చాలాకాలం రాలేదు.

తలుపు పక్కన స్విచ్చుకు ఒక చరిత్ర ఉంది. ఎల్స్‌వర్త్ స్టాట్లర్ అనే అమెరికన్ 13 ఏళ్ల వయసులో వెస్ట్ వర్జీనియాలోని వీలింగ్ పట్టణంలో ఒక హోటల్‌లో బెల్‌బాయ్‌గా చేరాడు. పెట్టెలు మోయడం, అడిగినవారికల్లా జగ్గులో చల్లటి నీళ్లు అందించడం, పిలిచినప్పుడల్లా మెట్లెక్కడం అతని పని. అతిథులు ఏ వేళకు ఏం అడుగుతారో కాళ్లు నొప్పి పెట్టేలా నేర్చుకున్నాడన్నమాట. 1908లో బఫెలో నగరంలో సొంత హోటల్ తెరిచినప్పుడు ఆ జ్ఞాపకాలన్నీ గోడల్లోకి ఎక్కాయి. గదిలోకి అడుగు పెట్టగానే చేతికందే చోట లైటు స్విచ్చు పెట్టాడు. చీకట్లో తడుముకోకుండా తాళం రంధ్రాన్ని తలుపు పిడికి పైన పెట్టాడు. చల్లటి తాగునీటికి బెల్‌బాయ్‌ని పిలవనక్కరలేకుండా గదిలోనే కుళాయి, నిలువెత్తు అద్దం, ఫోను, పొద్దున్నే తలుపు కింద ఉచితంగా వార్తాపత్రిక. అన్నింటికీ మించి ప్రతి గదికీ సొంత స్నానాలగది. మామూలు హోటళ్లలో వరండా చివర ఉన్న ఒకే బాత్‌రూముకు వరసలో నిలబడే రోజులవి. గది, స్నానం కలిపి డాలరున్నర అని అతను వేయించిన ప్రకటనకు ఇంగ్లిషులో ప్రాస కూడా కుదిరింది.

ఆ ధరకు అది ఎలా గిట్టుబాటైందన్నది ఇంకా ఆసక్తికరం. పక్కపక్క గదుల బాత్‌రూములను వీపు వీపు ఆనించి కట్టించి, రెండింటి మధ్య కింది నుంచి పై అంతస్తు దాకా ఒకే నిలువు గొట్టపు దారి వదిలాడు. నీటి పైపులు, మురుగు పైపులు, వైర్లు అన్నీ అందులోనే నడిచాయి. పైపుల పొడవు తగ్గింది, మరమ్మతులకు అతిథి గదిలోకి జొరబడే పని తగ్గింది. నేటికీ చాలా హోటళ్ల నక్షాలు తీసి చూస్తే బాత్‌రూములు జంటలు జంటలుగానే కనిపిస్తాయి. 1954లో హిల్టన్ సంస్థ స్టాట్లర్ హోటళ్లన్నిటినీ 11.1 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ మొత్తంలో బెల్‌బాయ్ మోసిన నీళ్ల జగ్గుల వాటా ఎంతో ఎవరూ లెక్కకట్టలేదు.

ఇలాంటి కథే ఇంకొకటి. 1951లో అమెరికాలోని మెంఫిస్ నగరానికి చెందిన కెమన్స్ విల్సన్ భార్యాపిల్లలతో కారులో వాషింగ్టన్ బయలుదేరాడు. దారిలో గదులిచ్చినవాళ్లు పిల్లవాడికి రెండు డాలర్ల చొప్పున అదనంగా వసూలు చేశారు. అతనికి అయిదుగురు పిల్లలు. మరుసటి సంవత్సరమే హాలిడే ఇన్ పేరుతో తన మొదటి హోటల్ తెరిచి, తల్లిదండ్రుల గదిలో ఉండే పిల్లలకు డబ్బు లేదన్నాడు. పెళ్లికో, మొక్కు తీర్చుకోవడానికో ఎనిమిది మంది కలిసి రెండు గదుల్లో సర్దుకునే తెలుగు కుటుంబాలకు ఈ మంట కొత్త కాదు. ఎక్స్‌ట్రా బెడ్ పేరుతో ఒక పరుపు, ఒక దుప్పటి ఇచ్చి గది అద్దెలో మూడో వంతు వసూలు చేసే చోట ఎంత మంచి టిఫిను పెట్టినా ఆ పరుపే గుర్తుంటుంది.

నీళ్ల దగ్గరకు వస్తే హోటల్ అసలు సంగతి బయటపడుతుంది. మనకు స్నానమంటే బకెట్టు, చెంబు. కాలక్రమేణా చెంబు మగ్గు అయింది, అంతే. షవరు కింద నిలబడటం తడవడమే తప్ప స్నానం కాదని నమ్మే పెద్దవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. లాడ్జిలో బకెట్టు, మగ్గు తప్పకుండా ఉంటాయి. బకెట్టు అంచు పగిలి ఉంటుందన్నది వేరే మాట. హోటల్ మెట్టు పెరిగేకొద్దీ అవి మాయమవుతాయి. నాలుగు నక్షత్రాలు దాటాక బకెట్టు కావాలంటే హౌస్‌కీపింగ్‌కు ఫోను చేయాలి. వాళ్లు తెచ్చిస్తారు, మర్యాదగానే ఇస్తారు. కానీ మోకాళ్ల నొప్పులతో స్టూలు మీద కూర్చుని స్నానం చేసే అలవాటున్న 70 ఏళ్ల మనిషి ఆ ఫోను చేయదు. సిగ్గుపడి షవరుతోనే సరిపెట్టుకుంటుంది. అమెరికాలో ఉన్న పిల్లలను చూడటానికి వెళ్లే తల్లిదండ్రుల పెట్టెల్లో ఆవకాయ సీసా పక్కన ప్లాస్టిక్ మగ్గు ఒకటి వెళ్లడానికి కారణం ఇదే. అక్కడి హోటల్ బాత్‌రూములో కాగితం తప్ప మరొకటి ఉండదని ఒకసారి వెళ్లివచ్చినవాళ్లు చెప్పి ఉంటారు. జపాన్‌లో టోటో సంస్థ 1980లో నీళ్లు చిమ్మే వాష్‌లెట్ అనే కమోడు సీటును తెచ్చి ఆ సమస్యను తన పద్ధతిలో తీర్చింది. మన దగ్గర గోడకు తగిలించిన హెల్త్ ఫాసెట్ అదే పనిని అందులో వందో వంతు ఖర్చుకు చేస్తోంది.

వేడినీళ్ల కథ ఇంకాస్త లోతైనది. డాబా మీద సోలార్ హీటర్ ఉన్న లాడ్జిలో కింది అంతస్తు గదికి వేడినీళ్లు రావాలంటే పైపులో నిలవ ఉన్న చల్లటి నీళ్లన్నీ ముందు బయటికి పోవాలి. రెండు బకెట్లు పారబోసేదాకా ఓపిక పట్టినవారికి వేడి అందుతుంది. సగం బకెట్టుకే విసిగిపోయినవారు వేడినీళ్లు రావడం లేదని కిందికి ఫోను చేస్తారు, కిందివాళ్లు వస్తున్నాయనే అంటారు. ఇద్దరూ నిజమే చెబుతారు. పెద్ద హోటళ్లలో వేడినీటి పైపు గదుల దాకా వెళ్లి ఆగిపోదు, మళ్లీ బాయిలరు దగ్గరకు తిరిగివస్తుంది. చిన్న పంపు ఒకటి ఆ నీటిని చుట్టూ తిప్పుతూ ఉంటుంది కనుక కుళాయి తిప్పిన కొద్ది క్షణాల్లోనే వేడి తగులుతుంది. చిన్న లాడ్జికి అంత ఏర్పాటు అవసరం లేదు. కుళాయి పైన "ముందు రెండు బకెట్లు చల్లటి నీళ్లు వస్తాయి, తర్వాత వేడినీళ్లు" అని ఒక కాగితం అంటించినా సగం ఫోన్లు తగ్గుతాయి. అంటించే కాగితాలేమో "బట్టలు ఉతకరాదు", "తువాలుతో బూట్లు తుడవరాదు", "విలువైన వస్తువులకు యాజమాన్యం బాధ్యత వహించదు" అన్నవి.

బాత్‌రూము కట్టడంలోనే తెలిసిపోయేవి మరికొన్ని ఉన్నాయి. నేల వాలు తూము వైపు కాకుండా తలుపు వైపు ఉంటే స్నానం నీళ్లు గది దాకా వస్తాయి. షవరు తిప్పే పిడి సరిగ్గా షవరు కిందే ఉంటే, నీళ్లు కాగే లోపు చలి చేతి మీదుగా భుజం దాకా పాకుతుంది. సబ్బు పెట్టుకోవడానికి చోటు లేకపోతే కమోడు ట్యాంకు మూత మీద పెట్టాలి, అది జారి ఎక్కడ పడుతుందో ఊహించుకోవచ్చు. ఇక కొక్కెం. పొడి బట్టలు తడవని చోట, తలుపు వెనక, మనిషి చేతికందే ఎత్తులో రెండు కొక్కేలుంటే చాలు. అవి లేని బాత్‌రూములో తడి ఒంటితో పొడి బట్టలను మెడ చుట్టూ వేసుకుని నిలబడ్డ మనిషికి పాలరాతి నేల, ఇటలీ కుళాయి ఏమీ కనబడవు. జపాన్ బిజినెస్ హోటళ్లలో స్నానాలగది గోడ నుంచి లాగితే వచ్చే సన్నటి దండెం తాడు ఉంటుంది, అద్దం వెనక వేడి పలక ఉండి ముఖం కనిపించే మేరకు ఆవిరి పట్టకుండా ఉంటుంది. ఈ రెండూ కనిపెట్టినవాళ్లు తడి బట్టలతో, గడ్డం గీసుకునే రేజరుతో ఆ గదిలో ఒకసారైనా నిలబడి ఉండాలి.

నిద్ర సంగతి వేరు. కొత్త చోట మొదటి రాత్రి సరిగా నిద్ర పట్టకపోవడం మనసు చేసే మారాం కాదని బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో చూపించారు. తెలియని చోట మొదటి రాత్రి గాఢ నిద్రలో కూడా మెదడు ఎడమ భాగం కుడి భాగమంత లోతుగా నిద్రపోలేదు. చిన్న చప్పుడుకు ముందుగా స్పందించింది కూడా అదే. అంటే సగం మెదడు కాపలా కాస్తుందన్నమాట. ఒక్క రాత్రి బసకు వచ్చినవారందరూ ఈ కాపలాదారుతోనే వస్తారు కాబట్టి, హోటల్ చేయగలిగిందల్లా అతనికి పని తగ్గించడం. వరండాలో తలుపులు ధడేలుమని మూసుకోకుండా డోర్ క్లోజరు మరను కాస్త బిగించడం, కర్టెన్లు మధ్యలో బెత్తెడు సందు లేకుండా ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా కుట్టించడం, ఏసీ మీద పచ్చగా మెరిసే అంకెలను ఆర్పేసే వీలు ఉంచడం. ఖర్చు దాదాపు లేనివే ఇవన్నీ.

తెల్ల దుప్పట్లు ఇప్పుడు ఎంత మామూలయ్యాయంటే అవి ఎప్పుడూ అలాగే ఉండేవనిపిస్తుంది. అమెరికాలో చాలా హోటళ్ల మంచాల మీద పూల అచ్చు వేసిన ముదురు రంగు దుప్పటి ఉండేది. మరక కనబడదు కనుక దాన్ని అతిథి మారినప్పుడల్లా ఉతికేవారు కాదు. 1999లో వెస్టిన్ హోటళ్లు మొత్తం తెల్లటి పరుపు సెట్టును తెచ్చి, దానికి ఒక పేరు పెట్టి ప్రచారం చేసి అమ్మకాలు కూడా మొదలుపెట్టాయి. మిగతావాళ్లు అదే దారి పట్టారు. తెలుపులో రెండు లాభాలు ఉన్నాయి. హోటల్‌కు అన్నీ కలిపి ఒకే గుండిగలో వేడినీళ్లు, బ్లీచింగుతో ఉతకవచ్చు. అతిథికేమో అడగకుండానే జవాబు దొరుకుతుంది, ఉతికారో లేదో కళ్లతో చూసుకోవచ్చు. ముదురు మెరూన్ రంగు దుప్పటి పరిచిన లాడ్జి మంచం మీద ఇంటి నుంచి తెచ్చుకున్న దుప్పటి పరుచుకునే అమ్మలందరికీ ఈ సిద్ధాంతం ఎవరూ చెప్పకుండానే తెలుసు.

మంచం పక్కన ప్లగ్గు పాయింటు గురించి ఇక చెప్పనక్కరలేదనుకుంటే అదీ కాదు. గదిలో ఉన్న ఒకే ఒక్క సాకెట్టు దగ్గర ఫోను చార్జరు, దోమల మందు యంత్రం పోటీ పడే రాత్రులు ఇంకా ఉన్నాయి. బ్యాటరీ నాలుగు శాతం, చెవి దగ్గర దోమ. కార్డు పెడితేనే కరెంటు వచ్చే గదుల్లో తంటా ఇంకో రకం. గది దాటితే కార్డు తీయాలి, తీస్తే చార్జింగ్ ఆగిపోతుంది. ఆ గాటులో ఏ అట్టముక్క పెట్టినా పనిచేస్తుందని కనిపెట్టిన జనం పాత విజిటింగ్ కార్డు ఒకటి అక్కడ వదిలి వెళతారు. తర్వాత వచ్చినవారికి అది దేవుడిచ్చిన సౌకర్యం. విద్యుత్తు పొదుపు కోసం పెట్టిన గాటు ఉద్దేశం మంచిదే. ఫ్రిజ్‌కు, మంచం దగ్గరి ఒక సాకెట్టుకు వేరే లైను ఇస్తే ఆ మోసం అవసరం రాదు.

ఫ్రిజ్ పేరెత్తితే మినీబార్ గుర్తుకొస్తుంది. 1974లో హాంకాంగ్ హిల్టన్ గదుల్లో మద్యం, చిరుతిళ్లు నింపిన చిన్న ఫ్రిజ్‌లు పెట్టారు, లాభం బాగా రావడంతో అది ప్రపంచమంతా పాకింది. సౌకర్యంగా పుట్టి వలగా మారినదానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. బయట ఇరవై రూపాయలకు దొరికే నీళ్ల సీసా పక్కన ఉచిత సీసా కూడా ఉంటుంది. ఏది ఏదో తెలియక చాలామంది రెండూ ముట్టుకోరు. కొన్ని చోట్ల సీసాను ఎత్తగానే బిల్లులో వేసే సెన్సర్లు కూడా ఉంటాయి. ఇన్సులిన్ పెట్టుకోవాలన్నా, రాత్రి తినగా మిగిలిన పెరుగు డబ్బా దాచాలన్నా ఆ ఫ్రిజ్‌లో చోటుండదు. ఖాళీ ఫ్రిజ్ ఇచ్చిన హోటల్ ఇంతకంటే ఎంతో మేలు. ఇప్పుడు చాలా సంస్థలు మినీబార్ ఎత్తేసి ఖాళీ ఫ్రిజ్‌నే ఉంచుతున్నాయి. అతిథుల మీద జాలితో కాదు, రోజూ నింపి లెక్క చూసే మనిషి జీతం గిట్టుబాటు కాక.

జపాన్‌కు చెందిన నాణ్యతా నిపుణుడు నొరియాకి కానో 1984లో ప్రచురించిన పత్రంలో నాణ్యతను విడదీసి చూపించిన తీరు ఇక్కడ బాగా పనికొస్తుంది. కొన్ని లక్షణాలు ఉంటే ఎవరూ మెచ్చుకోరు, లేకపోతే మాత్రం మండిపడతారు. కొన్ని లేకపోయినా ఎవరూ గమనించరు, ఉంటే మాత్రం మురిసిపోతారు. వేడినీళ్లు మొదటి రకం. వేడినీళ్లు వచ్చాయని పొగిడేవారు లేరు, రాలేదని తిట్టనివారూ లేరు. డబుల్‌ట్రీ హోటళ్లు 1986 నుంచి అతిథి చేతికి ఇస్తున్న వేడి చాక్లెట్ బిస్కట్టు రెండో రకం. అది లేకపోతే ఎవరి బసా చెడదు. చాలా హోటళ్లు చేసే తప్పు మొదటిది వదిలేసి రెండోదాని మీద పడటం. తువాళ్లను హంసల్లా మడిచి, మంచం మీద గులాబీ రేకులు చల్లి ఉంటారు. ఆ హంసను విప్పితే తువాలు వీపుకు కూడా చాలదు. ఫోటోలో హంస పడుతుంది, కొక్కెం పడదు. బుకింగ్ ఫోనులో బొమ్మలు చూసి జరుగుతున్నంత కాలం హంసల సంఖ్య పెరుగుతూనే ఉంటుంది.

కానో చెప్పినదాంట్లో ఇంకో మెలిక ఉంది. నేటి మురిపెం రేపటికి తప్పనిసరి అవుతుంది. ఒకప్పుడు గదిలో టీవీ ఉందంటే బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసేవారు. వైఫై కూడా అంతే. అందులో ఒక వింత ఏమిటంటే, చవక హోటళ్లు వైఫైని ఉచితంగా ఇస్తున్న రోజుల్లో ఖరీదైన హోటళ్లు దానికి వేరే బిల్లు వేసేవి. ఆ బిల్లు కట్టేది అతిథి కాదు, అతని కంపెనీ కాబట్టి ఎవరూ గింజుకోలేదు. సొంత డబ్బుతో వచ్చినవాళ్లే మండిపడేవారు.

చిన్న సబ్బులు, షాంపూ సీసాల సంగతి చట్టాల దాకా వెళ్లింది. కాలిఫోర్నియాలో 50 గదులు దాటిన హోటళ్లు 2023 జనవరి నుంచి చిన్న ప్లాస్టిక్ సీసాలు ఇవ్వకూడదు. జపాన్‌లో 2022 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన ప్లాస్టిక్ చట్టం తర్వాత చాలా హోటళ్లలో టూత్ బ్రష్షులు, దువ్వెనలు గది నుంచి లాబీకి మారాయి, కావలసినవారు అక్కడ తీసుకోవాలి. గోడకు బిగించిన పెద్ద సీసాలు పర్యావరణానికి మంచివే. కానీ ఊరి నుంచి వచ్చిన మనవడికి ఇవ్వడానికి పెట్టెలో దాచిన బుల్లి సబ్బు పోయింది. వాడినా వాడకపోయినా ఆ సబ్బును ఇంటికి తేవడం చాలామందికి హోటల్‌లో దిగామనడానికి రుజువు.

తువాళ్లు మళ్లీ వాడండి, భూమిని కాపాడండి అనే కార్డు మీద ఒక చక్కటి ప్రయోగం ఉంది. గోల్డ్‌స్టీన్, చాల్దీనీ, గ్రిస్కెవిసియస్ 2008లో ప్రచురించిన పరిశోధనలో పర్యావరణం మాట చెప్పిన కార్డుకు 35 శాతం అతిథులు తువాలు మళ్లీ వాడారు. ఇతర అతిథుల్లో ఎక్కువమంది వాడుతున్నారని చెప్పిన కార్డుకు అది 44 శాతానికి పెరిగింది. తర్వాతి ప్రయోగంలో "ఈ గదిలోనే దిగినవారు" అని రాస్తే దాదాపు సగంమంది వాడారు. ఎప్పుడో ఇదే మంచం మీద పడుకుని వెళ్లిన ముక్కూమొహం తెలియనివారితో పోల్చుకుని మనిషి ఒక తువాలు మిగిల్చాడు. తువాలు ఆరేయడానికి కడ్డీ లేని బాత్‌రూములో మాత్రం ఏ కార్డూ పనిచేయదు. నేల మీద పడేయక ఏం చేస్తారు?

ఇన్ని వస్తువులు చెప్పుకున్నాక, వస్తువు కాని సౌకర్యం ఒకటి మిగిలింది. అది సమయం. మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఖాళీ చేయాలి, రెండింటి తర్వాతే గది ఇస్తాం అన్న నియమం హోటల్ పనివాళ్ల వీలు కోసం పెట్టుకున్నది. ఆ రెండు గంటల్లో గదులన్నీ ఊడ్చి, దుప్పట్లు మార్చాలి. విమానంలో మధ్యాహ్నం దిగేవారికి అది సరిపోవచ్చు. మన బస్సులు, రైళ్లు మనుషులను దింపేది తెల్లవారుజామున. పన్నెండింటి లెక్క నడిచే చోట పొద్దున్న అయిదింటికి గది తీసుకుంటే ఏడు గంటలు గడిచేసరికే ఒక రోజు అద్దె అయిపోతుంది. అందుకే గుడి ఊళ్లలో, బస్టాండుల చుట్టూ చాలా లాడ్జీలు వచ్చిన గంట నుంచి 24 గంటల లెక్క పట్టుకున్నాయి. రైల్వే రిటైరింగ్ రూములు 12 గంటలకు కూడా దొరుకుతాయి. షాండ్లియర్ల హోటళ్లు నేర్చుకోని విషయాన్ని రూము బాయ్ ఫ్లాస్కులో టీ తెచ్చే లాడ్జి నేర్చుకుంది. తెచ్చిన టీకి అయిదు రూపాయలు ఎక్కువ తీసుకున్నా, గదిలోని కెటిల్, పాలపొడి పొట్లం, దారం కట్టిన డిప్ టీ కంటే ఆ ఫ్లాస్కుకే ఎక్కువ ఓట్లు పడతాయి.

చివరి అరగంట మీద కూడా శ్రద్ధ పెట్టాలి. దానికి ఆధారం చన్నీళ్లలో ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్, ఆయన సహచరులు 1993లో చేసిన ప్రయోగంలో మనుషుల చేతిని ఒకసారి 14 డిగ్రీల చల్లటి నీటిలో 60 సెకన్లు ఉంచారు. ఇంకోసారి అదే 60 సెకన్ల తర్వాత మరో 30 సెకన్లు ఉంచి, నీటిని మెల్లగా 15 డిగ్రీల దాకా వేడి చేశారు. మళ్లీ ఏది చేయమంటారని అడిగితే ఎక్కువమంది పొడవైనదే కోరారు. బాధ మొత్తం ఎక్కువే అయినా ముగింపు కాస్త నయం కాబట్టి. జ్ఞాపకం బస మొత్తాన్ని సగటు తీయదు, చివరను పట్టుకుంటుంది.

లాడ్జి చివర ఎలా ఉంటుందో అందరికీ తెలిసిందే. బయట ఆటో ఆగి ఉంటుంది, రైలుకు ముప్పావు గంట ఉంటుంది. కౌంటరులో మనిషి అడ్వాన్సు తిరిగి ఇవ్వడు, "ఒక్క నిమిషం" అంటాడు. పైకి పంపిన కుర్రాడు గదంతా చూసి, తువాళ్లు రెండూ ఉన్నాయా, రిమోటు ఉందా, గ్లాసు పగిలిందా అని లెక్కపెట్టి మెట్ల మీది నుంచే తల ఊపేదాకా, రెండు రోజులు మర్యాదగా ఉన్న కుటుంబం పెట్టెల పక్కన అనుమానితుల్లా నిలబడుతుంది. ఆ తువాలు ఖరీదు రెండు వందలు ఉండదు. ఇంకో రకం కౌంటర్లు కూడా ఉన్నాయి. తెల్లవారకముందే దర్శనానికో రైలుకో బయలుదేరేవారికి టిఫిను వేళ కుదరదని రాత్రే కనుక్కుని, నాలుగింటికి కిందికి దిగేసరికి విస్తరాకులో కట్టిన ఇడ్లీ పొట్లం, విడిగా కారప్పొడి, ఒక నీళ్ల సీసా బల్ల మీద సిద్ధంగా ఉంచుతారు. టిఫిను డబ్బు ఎలాగూ అద్దెలోనే ఉంది. పొట్లం మీద గది నంబరు పెన్సిలుతో రాసి ఉంటుంది.